‘పాము’ సర్పం నుంచి పుట్టిందా? కన్నడలో ‘హావు’ ఎందుకు?

తెలుగు ‘పాము’ సర్పం నుంచి పుట్టిందా, అదే మాట కన్నడలో ‘హావు’ ఎందుకైంది అని మీరు అడిగారు. నిఘంటువులో ‘పాము = సర్పం’ అని ఉండటంతో అర్థాన్ని మూలం అనుకున్నట్టున్నారు. అది అర్థం మాత్రమే. సర్పం సంస్కృత పదం, ‘సృప్’ (పాకడం) ధాతువు నుంచి వచ్చింది. పాము అచ్చంగా ద్రావిడ పదం.

మీరు చిక్కుకున్నది ‘హావు’ దగ్గర. చాలామంది ఇక్కడే నేటి కన్నడంతో పోల్చి ఆగిపోతారు. ఒక మెట్టు వెనక్కి, హళగన్నడకు (పాత కన్నడానికి) వెళ్లాలి.

1. కన్నడలో మాట మొదటి ‘ప’ తర్వాతి కాలంలో ‘హ’ అయింది. మన పాలు వాళ్లకి హాలు, పులి హులి. అలాగే హావు పాత రూపం ‘పావు’.

2. ఇప్పుడు తమిళం చూడండి: ‘పాంబు’. తమిళ ‘ంబు’ ఉన్నచోట తెలుగులో తరచు ‘మ్ము’ కనిపిస్తుంది: కొంబు–కొమ్ము, అంబు–అమ్ము (బాణం). పాములో ముందు దీర్ఘం ఉంది కాబట్టి ఒక్క ‘ము’ చాలింది.

3. పావు, పాంబు, పాము మూడూ కలిపితే మూల ద్రావిడ (ఈ భాషలన్నిటికీ తల్లి భాష) రూపం ‘పాంపు’ అని తేలుతుంది. తమిళం నుంచి మనం తెచ్చుకున్నామని కాదు, అందరిదీ ఒకే వేరు.

‘పాకేది కాబట్టి పాము’ అన్న వివరణ నాకూ ఒకప్పుడు నచ్చింది. కానీ పై రూపాల్లో ‘క’ జాడ ఎక్కడా లేదు, వదిలేయండి.

ఉరగం, పన్నగం కూడా సంస్కృతాలే: రొమ్ముతో పోయేది, నేలబారుగా పోయేది.