టెక్ సందేహాలు: 35 శాతం చార్జింగ్ ఉండగానే ఫోన్ ఆగిపోతే?

ప్రశ్న: నలుగురు ఫ్రెండ్స్‌మి డిసెంబరులో ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ ఎక్కుదామనుకుంటున్నాం. పోయినేడు వెళ్లొచ్చిన మా బావ ఫోన్ శిఖరం దగ్గర 35 శాతం చార్జింగ్ ఉండగానే ఆగిపోయిందట. 30,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు కొంటే సరిపోతుందా? (ఒక పాఠకుడు, గుంటూరు)

ముందు ఆ పవర్ బ్యాంకు ఆలోచన మానేయండి. 30,000 ఎంఏహెచ్‌ని బ్యాటరీ వోల్టేజీ 3.7తో గుణించి వెయ్యితో భాగిస్తే 111 వాట్ అవర్లు వస్తుంది. విమానంలో మామూలుగా 100 దాకానే ఒప్పుకుంటారు, దాటితే విమాన సంస్థ అనుమతి కావాలి. అదీ చేతి సామానులోనే తీసుకెళ్లాలి. గన్నవరంలో ఎక్కేటప్పుడు ఆ టెన్షన్ ఎందుకు? 10,000ది చాలు.

అసలు మీ బావగారి ఫోన్‌లో చార్జింగ్ అయిపోలేదు. రోహిణి కార్తెలో ఫోన్ వేడెక్కి మొరాయించడం మనకు అలవాటే. చలికి మొరాయించడమే కొత్త. డిసెంబరు పొద్దున్నే కొబ్బరినూనె సీసా వంచితే ఏమవుతుందో తెలుసుగా. సీసా నిండా నూనె ఉంటుంది, చేతిలోకి చుక్క రాదు. లిథియం బ్యాటరీ లోపలి ద్రవం అలా గడ్డకట్టదు గానీ చిక్కబడుతుంది, లోపల కరెంటును మోసే అయాన్ల నడక మందగిస్తుంది. కెమెరా తెరవగానే ఫోన్ ఒక్కసారిగా ఎక్కువ కరెంటు అడుగుతుంది, బ్యాటరీ ఇవ్వలేదు, వోల్టేజీ పడిపోతుంది, ఫోన్ ఆగిపోతుంది. ఐఫోన్‌ను 0 నుంచి 35 డిగ్రీల మధ్య వాడమని ఆపిలే చెబుతోంది. కేదార్‌కంఠ ఎత్తు దాదాపు 12,500 అడుగులు. తెల్లవారుజామున శిఖరం ఎక్కేటప్పుడు చలి సున్నాకు బాగా దిగువనే ఉంటుంది.

కాబట్టి మీకు కావలసింది పెద్ద బ్యాటరీ కాదు, వెచ్చటి బ్యాటరీ. ఫోన్‌ను పై జాకెట్ జేబులో కాకుండా లోపలి చొక్కా జేబులో, ఒంటికి ఆనుకునేలా పెట్టుకోండి. రాత్రి ఫోన్నీ పవర్ బ్యాంకునీ స్లీపింగ్ బ్యాగులోకి తీసుకోండి. ఏరోప్లేన్ మోడ్‌లో ఉంచితే సిగ్నల్ కోసం వెతుక్కుంటూ చార్జింగ్ తినేయదు. కొన్నేళ్ల కిందట మనాలి దగ్గర మంచులో గ్రూప్ ఫొటో కోసం ఫోన్‌ను పది నిమిషాలు రాయి మీద నిలబెట్టాను. ఫొటో రాలేదు, ఫోన్ ఆగిపోయింది. చంకలో పెట్టుకుని కూర్చుంటే కాసేపటికి లేచింది, చార్జింగ్ దాదాపు అంతే ఉంది!

గట్టిగా చెప్పేదొకటుంది. చల్లగా బిగుసుకున్న ఫోన్‌కు వెంటనే చార్జర్ పెట్టొద్దు. సున్నా డిగ్రీల కింద చార్జ్ చేస్తే లిథియం లోహంగా మారి ఎలక్ట్రోడ్ మీద పొరలా పేరుకుంటుంది. ఆ నష్టం మళ్లీ పూడదు. ముందు ఫోన్ వెచ్చబడాలి, తర్వాతే వైరు.

ప్రశ్న: కేదార్‌కంఠ పైన సిగ్నల్ ఉండదట. గూగుల్ మ్యాప్స్ ముందే డౌన్‌లోడ్ చేసుకుంటే చాలదా? (ఒక పాఠకురాలు, విజయవాడ)

చాలదు. జీపీఎస్‌కు సిమ్ అక్కర్లేదు, సుమారు 20,000 కిలోమీటర్ల ఎత్తునున్న ఉపగ్రహాల సంకేతాలు ఫోన్ నేరుగా అందుకుంటుంది. కానీ గూగుల్ మ్యాప్స్ ఆఫ్‌లైన్‌లో నడక దారి చెప్పదు. ఆర్గానిక్ మ్యాప్స్ యాప్‌లో గానీ ఓఎస్ఎమ్‌అండ్ (OsmAnd) యాప్‌లో గానీ ఆ ప్రాంతం మ్యాప్ దించుకోండి, కొండదారులు చాలావరకు కనిపిస్తాయి. వెళ్లేముందు ఒక ఆదివారం కొండవీడు కోటకు వెళ్లి, ఏరోప్లేన్ మోడ్ పెట్టి, ఆ మ్యాప్‌తోనే ఎక్కి దిగండి. తప్పిపోతే మన ఊళ్లోనే తప్పిపోదురుగాని. అక్కడ మాత్రం మంచు కింద దారి కనపడదు. తెర మీద గీత ఒకవైపు, గైడ్ ఒకవైపు చూపిస్తే గైడ్ మాటే వినండి.

ప్రశ్న: అమెరికాలోని మా అన్నయ్య శాటిలైట్ మెసెంజర్ (సిగ్నల్ లేనిచోట ఉపగ్రహం ద్వారా మెసేజ్‌లు పంపే పరికరం) పంపిస్తానంటున్నాడు. తెప్పించుకోనా?

వద్దు. అనుమతి లేకుండా అలాంటివి వాడడం మన దేశంలో నేరం. ఎయిర్‌పోర్టుల్లో పట్టుబడి ఇబ్బంది పడ్డవాళ్లున్నారు.

ప్రశ్న: మంచు ఫొటోలు బూడిదరంగులో వస్తున్నాయి. కెమెరా పాడైందా?

లేదు. అంత తెలుపు చూసి కెమెరా వెలుగు ఎక్కువైందనుకుని తగ్గించేస్తుంది. తెర మీద నొక్కి, ఎక్స్‌పోజర్‌ను (ఫొటోలో వెలుగును) కాస్త పైకి జరపండి. బస వెచ్చగా ఉంటే మాత్రం లోపలికి రాగానే ఫోన్ బయటికి తీసి ఫొటోలు చూసుకోకండి. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకు చెమట పట్టినట్టు ఫోన్‌కూ పడుతుంది. గుమ్మం బయటే జిప్ కవర్లో వేసి గాలి తీసేసి మూసి, అరగంట అలాగే వదిలేయండి. ఈలోపు చాయ్ తాగొచ్చు.