తుఫాను గాలికి ముప్పై అంతస్తుల భవనం ఊగుతుందా?

ప్రశ్న: విశాఖలో సముద్రం ఒడ్డున 30వ అంతస్తులో ఫ్లాట్ చూస్తున్నాం. తుఫానుకి భవనం ఊగుతుందంటున్నారు, నిజమేనా? ప్రమాదమా?

ఊగుతుంది. అంతమాత్రాన కూలదు. మీరు భయపడాల్సింది అద్దాల గురించి, దాని సంగతి కింద చెప్తాను.

గాలి వీచే దిశలో భవనం కాస్త వంగి అక్కడే అటూ ఇటూ కదులుతుంది. బాగా ఎత్తయిన భవనాల్లో తల తిప్పేది మాత్రం గాలికి అడ్డంగా ఊగడం. గాలి రెండు పక్కల నుంచీ జారిపోతూ వెనకాల సుడులు వదులుతుంది, ఓసారి ఎడమన, ఓసారి కుడిన. ఈ లాగుళ్ల లయ భవనం సొంత ఊపుతో కలిసిందంటే, ఉయ్యాలని సరిగ్గా సమయానికి తోసినట్టే.

అది ఎప్పుడు కలుస్తుందో కాగితం మీద చూసుకోవచ్చు. 46ను ఎత్తుతో (మీటర్లలో) భాగిస్తే సెకనుకి ఎన్ని ఊపులో సుమారుగా వస్తుంది. మీ 30 అంతస్తులు సుమారు 100 మీటర్లనుకుంటే 0.46. దాన్ని వెడల్పుతో గుణించి, చదరపు భవనమైతే 0.12తో భాగించండి. 30 మీటర్ల వెడల్పుకి సెకనుకి 115 మీటర్ల గాలి కావాలి. భవనాలపై గాలి భారానికి భారత ప్రమాణమైన ఐఎస్ 875 మూడో భాగంలో విశాఖకి ఇచ్చిన ప్రాథమిక గాలి వేగం సెకనుకి 50 మీటర్లు. కాబట్టి మీ భవనానికి ఆ బెడద లేదు. అదే వెడల్పుతో 250 మీటర్లు లేపితే 46కే లయ కలుస్తుంది.

తైవాన్‌లోని తైపే 101 ఎత్తు 508 మీటర్లు. అందుకే దాని మూలల్ని మెట్లు మెట్లుగా చెక్కి సుడుల జోరు తగ్గించారు. పైన 660 టన్నుల ఉక్కు గుండుని 92వ అంతస్తు నుంచి తాళ్లతో వేలాడదీశారు. భవనం ఒకవైపు వెళ్తే గుండు వెనకబడుతుంది, దాని కింది డ్యాంపర్లు (బండి షాక్ అబ్సార్బర్ల లాంటివి) ఆ కదలికని వేడిగా మార్చేస్తాయి. 2015 ఆగస్టు తుఫానులో గుండు మీటరు దాకా జరిగింది.

ఇక అద్దాలు. సెకనుకి 50 మీటర్ల గాలి అంటే చదరపు మీటరుకి దాదాపు 150 కిలోల ఒత్తిడి; వేగం రెట్టింపైతే నాలుగింతలు. భవనం మూలల దగ్గర అద్దాన్ని బయటికి లాగే బలం ఇంకా ఎక్కువ. గాలి కొట్టే వైపు ఒక్క కిటికీ పగిలినా లోపల ఒత్తిడి పెరిగి అవతలి వైపు అద్దాలు బయటికి ఊడిపోవచ్చు. 2014 హుద్‌హుద్‌లో విశాఖలో ఎన్ని అద్దాల ముఖాలు ఊడాయో అక్కడివాళ్లని అడగండి.

బిల్డర్‌ని రెండు కాగితాలు అడగండి: మూల ఫ్లాట్ల అద్దాలు ఎంత ఒత్తిడికి పరీక్షించారు, పదేళ్లకోసారి వచ్చే గాలికి పై అంతస్తు త్వరణం ఎంత. ఎత్తయిన భవనాల ప్రమాణం ఐఎస్ 16700 ప్రకారం నివాసాలకి ఇది 0.15 మీ/సె² దాటకూడదు.

తుఫాను రాత్రి లిఫ్ట్ ఎక్కకండి. బాల్కనీలోంచి కుండీలు ముందే లోపలికి తెచ్చేయండి, వాటికి రెక్కలొస్తాయి. గోడలు కిర్రుమన్నా, కమోడ్‌లో నీళ్లు తొణికినా కంగారొద్దు. మర్నాడు ఇటుక గోడకీ కాంక్రీటు స్తంభానికీ మధ్య వెంట్రుకంత పగులు కనిపిస్తే మామూలే. స్తంభంలోనే పగులుంటే వెంటనే ఇంజనీరుకి చూపించండి.