పగులు దగ్గర మొదలుపెట్టు

అమ్మాయీ,

ఫ్రెంచి ఆర్కిటెక్టు సూఫ్లో మీద నువ్వు పంపిన వ్యాసం రాత్రి ఒకసారి, పొద్దున్న కాఫీ తాగుతూ ఇంకోసారి చదివా. భాష బాగుంది. ఇక అసలు సంగతికొస్తా. నాలుగో పేజీలో "కొన్ని విమర్శలు ఎదురైనా ఆయన వెనుకడుగు వెయ్యలేదు" అని ఒక వాక్యం రాశావు, అది చదివాక నాకు ఒళ్ళు మండింది, అందుకే ఫోన్ చెయ్యకుండా ఇంత ఉత్తరం టైప్ చేస్తున్నా.

కొన్ని విమర్శలేంటమ్మా? ఆ మనిషి 1755 నుంచి 1780లో పోయేదాకా పాతికేళ్ళు పారిస్‌లో ఆ ఒక్క సెయింట్ జెనివీవ్ చర్చి మీదే పెట్టాడు, అందులో చివరి పదేళ్ళూ ఆ "కొన్ని విమర్శలే". దాన్ని ఒక్క వాక్యంలో దాటేసి, ఇరాన్సీ అనే ఊళ్ళో 1713లో పుట్టాడు, నాన్న లాయరు, పద్దెనిమిదేళ్ళకే రోమ్ వెళ్ళాడు అని ఒకటిన్నర పేజీ రాశావు. "అద్భుతం" అనే మాట పదకొండు సార్లు వాడావు, నేను పెన్సిల్‌తో గీతలు పెట్టి లెక్కపెట్టా.

మా నాన్న తాపీ మేస్త్రి. నీకు ఎప్పుడైనా చెప్పానో లేదో. చిన్నప్పుడు నన్ను పనిలోకి తీసుకెళ్ళి ఏ ఇల్లు చూపించినా ఒకటే అడిగేవాడు, పైన బరువు ఎక్కడికి దిగుతోందో చెప్పవే అని. గోడ మీదకా, స్తంభం మీదకా, స్తంభం కింద ఏముంది అని. నేను నలభై ఏళ్ళుగా రాస్తున్నదంతా ఆ ఒక్క ప్రశ్న పట్టుకునే రాశా. మనిషి జీవితం రాసినా అంతే, ఏ బరువు ఎత్తుకున్నాడు, అది ఎక్కడ దిగింది, ఎక్కడ చిట్లింది. అది చెప్పకపోతే ఎన్ని తేదీలు పేర్చినా లాభం లేదు. నీ వ్యాసంలో నాకు ఆ బరువు కనపడలేదు.

సూఫ్లో దగ్గర ఉన్నదే బరువు కథ కదా. 1744లో ఫ్రాన్స్ రాజు పదిహేనో లూయీ మెట్జ్ ఊళ్ళో జబ్బుపడి చావు దాకా వెళ్ళి, బతికితే సెయింట్ జెనివీవ్‌కి కొత్త గుడి కట్టిస్తానని మొక్కుకున్నాడు. ఆ మొక్కు పదకొండేళ్ళ తర్వాత సూఫ్లో చేతికొచ్చింది. రాజు ప్రియురాలు మేడమ్ పాంపడూర్ తమ్ముడు మరిన్యీతో కలిసి అంతకుముందే ఇటలీ తిరిగాడు, 1750లో పేస్టమ్‌లో గ్రీకు గుళ్ళు కొలిచాడు. అంతకంటే ముందు, 1741లో, లియోన్ అకాడమీలో గోతిక్ చర్చిల గురించి, అంటే యూరప్‌లో మధ్యయుగాల్లో కట్టిన ఎత్తైన చర్చిల గురించి, పేపర్ చదివాడు, అప్పట్లో పెద్దవాళ్ళు చాలామందికి గోతిక్ అంటే మోటు పని అని చులకన, ఈయనేమో వాటి బరువు అంత సన్నటి స్తంభాల మీద ఎలా నిలబడుతోందా అని చూశాడు. నువ్వు 1741 అని తేదీ వేసి వదిలేశావు! ఆయన బుర్ర మొత్తం అక్కడే ఉంది తల్లీ. గ్రీకు గుడిలా తిన్నగా నిలబడ్డ స్తంభాలు, గోతిక్‌లా తక్కువ రాయితో కట్టడం, ఈ రెండూ కలపాలన్నది ఆయన ఉద్దేశం అని దగ్గర పనిచేసిన బ్రెబియోన్ ఆయన పోయిన ఏడాదే రాసిపెట్టాడు. గోడలు బయటికి తోసుకుపోకుండా గోతిక్ వాళ్ళు బయటికి కనపడేలా పెట్టే ఊత కమాన్లని ఈయన కూడా పెట్టాడు, కాకపోతే ఎత్తైన బయట గోడ వెనకాల దాచేశాడు, కింద వీధిలో నిలబడి చూస్తే కనపడవు.

డబ్బు లాటరీల మీద తెచ్చారు. పునాది తవ్వితే రోమన్ల కాలంలో కుండలు చేసేవాళ్ళు మట్టి కోసం తవ్వుకున్న గోతులు బయటపడ్డాయి, అవి పూడ్చడానికే ఏళ్ళు పట్టింది. 1764లో రాజు వచ్చి రాయి వేసే రోజుకి కింది నేలమాళిగే తయారైంది, అందుకని ముఖమండపాన్ని అసలు సైజులో కాన్వాస్ మీద రంగులతో వేసి నిలబెట్టారు. నువ్వు ఇది రాశావు, ఇది బాగా రాశావు కూడా, రాజు ఆ గుడ్డ ముందు నిలబడి తలెత్తి చూసే చోట నేను ఒక నిమిషం ఆగా.

తర్వాత 1770లో పియేర్ పాత్ అని ఇంకో ఆర్కిటెక్టు లెక్క కట్టి పుస్తకం అచ్చేశాడు, మధ్యలో ఉన్న నాలుగు దిమ్మలు గుమ్మటం తోపుడికి ఆగవు, చాలా సన్నం అని. నువ్వు ఇతన్ని పేరు కూడా లేకుండా అసూయపరుల్లో కలిపేశావు. అసూయ ఉంటే ఉండొచ్చు, కానీ అతని చేతిలో లెక్క ఉంది. సూఫ్లో తరఫున ఎమిలాన్ గోతే అనే ఇంజనీరు 1771లో ఎదురు లెక్క రాశాడు, తర్వాత రాయిని నొక్కి ఎంత బరువుకి చిట్లుతుందో కొలిచే యంత్రం కూడా చేశాడు. ఒక చర్చి మీద గొడవ వల్ల రాయి బలం కొలవడం నేర్చుకున్నారు, ఇంతకంటే మంచి కథ నీకెక్కడ దొరుకుతుంది? ఆ తర్వాత 1770ల చివర్లో ఆ దిమ్మల్లోనే నిజంగా పగుళ్ళొచ్చాయి. పైన మూడు పొరల రాతి గుమ్మటం ఇంకా కట్టనేలేదు, అప్పుడే!

ఇక్కడ మా నాన్న సంగతి ఒకటి చెప్పాలి. ఒకసారి వేరే మేస్త్రి కట్టి వదిలేసిన వరండా పని నాన్నకొచ్చింది, స్తంభాలు చూడ్డానికి నున్నగా ఉన్నాయి, నాన్న తాపీ తిరగేసి పిడితో తట్టుకుంటూ పోయాడు, మూడో స్తంభం దగ్గర చప్పుడు మారింది. డొల్ల అన్నాడు. ఇంటాయన ఒప్పుకోలేదు, నాన్న తన కూలి వదులుకుని పగలగొట్టి చూపించాడు, అంచుల్లో ఇటుక నీట్‌గా పేర్చి మధ్యలో కంకర ముక్కలు, పిడికెడు సున్నం. సూఫ్లో పోయాక చర్చి పని పూర్తిచేసిన రోండలే పగుళ్ళకి కారణం వెతికితే దాదాపు ఇదే దొరికింది. రాళ్ళ కీళ్ళు బయటికి సన్నగా అందంగా కనపడాలని అంచులే చదునుగా చెక్కి లోపల పల్లంగా వదిలేశారు, బరువంతా అంచుల మీద పడి అవి చిట్లాయి. అంటే పాత్ భయపడ్డది ఒకందుకు, పగిలింది ఇంకొకందుకు. ఇద్దరిలో ఒకణ్ణి హీరో చేసి ఇంకొకణ్ణి విలన్ చెయ్యడానికి కుదరదు.

నాన్న పగలగొట్టిన ఆ స్తంభం మీద నేను రాసిన వ్యాసమే నా మొదటి వ్యాసం. ఒక పత్రిక తీసుకుంది. అచ్చయ్యాక చూస్తే కొలతలు లేవు, కంకర లేదు, చప్పుడు మారిన ముక్క కూడా లేదు, "చెమట చుక్కకి వందనం" అని నేను పెట్టని టైటిల్ ఉంది. అడగడానికి వెళ్తే ఆ ఎడిటరు గారు పాఠకులకి సున్నం పాళ్ళు ఎందుకమ్మా, ఆడపిల్లవి, ఇంటి సంగతులు రాసుకో అన్నారు. బస్సులో ఏడ్చుకుంటూ వచ్చా. ముప్ఫై ఎనిమిదేళ్ళయింది, ఇప్పటికీ ఆ మాటకి ఆయన్ని నేను క్షమించలేదు. ఇప్పుడు ఆ ఎడిటర్లు పోయి ఇన్‌స్పిరేషన్ కథలొచ్చాయి, ప్రతివాడూ కష్టపడ్డాడు, నిందలు భరించాడు, గెలిచాడు, రెండు నిమిషాల వీడియో. నీ వ్యాసానికి ఆ గాలి తగిలింది, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా. సూఫ్లో గెలవలేదమ్మా. 1780 ఆగస్టులో పోయాడు, దిగులుతోనే పోయాడని అంటారు, నువ్వు "అంటారు" తీసేసి నిజమన్నట్టు రాశావు, ఆ మాట మళ్ళీ పెట్టు. గుడి 1790కి అయింది, మరుసటి ఏడాదే విప్లవ ప్రభుత్వం దాన్ని దేశంలో గొప్పవాళ్ళ సమాధి మందిరంగా మార్చేసింది, అదే ఇప్పుడు పాంథియోన్. ఆయన వెలుతురు కోసం పెట్టిన దాదాపు 40 కిటికీలని ఆ మార్పు పని చూసిన కాత్రమేర్ ద కెన్సీ గోడ పెట్టి మూయించాడు. గోతిక్ వెలుగు కోసం పడిన తపనంతా చీకటైపోయింది. నాకు పగుళ్ళ కంటే ఇదే ఎక్కువ బాధ. దిమ్మల్ని తర్వాత రోండలేనే లావు చేయించాడు, అంటే ఇవాళ లోపలికెళ్ళి చూసేవాళ్ళకి సూఫ్లో గీసిన సన్నదనం కనపడదు. 1829లో ఆయన అస్థికలు కూడా తెచ్చి అదే నేలమాళిగలో పెట్టారు.

పబ్లిషర్ గురించి, నవలగా పెంచొచ్చా అన్న దాని గురించి అడిగావు, అవి ఇప్పుడు వద్దు. ముందు మొదటి మూడు పేజీలు తీసి పక్కన పెట్టు. పగులు మొదట చూసినవాడి దగ్గర మొదలుపెట్టు, అతని పేరు లేకపోయినా పర్లేదు, దీపం పట్టుకుని దిమ్మ పక్కన నిలబడ్డ పనివాడు చాలు. వీలైతే మీ వీధిలో ఎక్కడైనా ఇల్లు లేస్తుంటే ఒక గంట నిలబడి మేస్త్రిని అడుగు, పిల్లర్ మధ్యలో ఏం వేస్తారు, ఎందుకు వేస్తారు అని, ఆ మాటలు అలాగే రాసుకో. దసరాకి మా అబ్బాయి వాళ్ళింటికి వెళ్తున్నా, ఈలోపు పంపితే ప్రయాణంలో చదువుతా. ప్రింట్ తీసి పంపు, ఫోన్‌లో నాకు కళ్ళు లాగుతున్నాయి.