పాత హీలియోస్ సుడి లక్ష రూపాయల లెన్స్‌లో వస్తుందా?

పాత సోవియట్ లెన్స్ హీలియోస్ 44-2లో వచ్చే గిరగిరా తిరిగే బ్యాక్‌గ్రౌండ్ బ్లర్ కొత్త ఖరీదైన లెన్స్‌లో వస్తుందా, షార్ప్‌నెస్‌లో తేడా ఎంత అని అడిగారు. రాదండీ. ఆ సుడి అసలు ఆ లెన్స్‌లో ఉన్న లోపం. కొత్త లెన్స్‌కి మన దగ్గర లక్ష గుంజేదే ఆ లోపం తీసేసినందుకు.

నా దగ్గర 44-2 ఉంది. ఫోకల్ లెంగ్త్ 58 ఎంఎం, ఎఫ్/2 (ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే వెలుగు దూరే కన్నం అంత పెద్దది). జర్మనీ వాళ్ల జైస్ బయోటార్ లెన్స్ నమూనా మీద సోవియట్ వాళ్లు చేసుకున్నది. కొన్నప్పుడే లోపల ఒక మూల బూజు (ఫంగస్) ఉంది. బెజవాడ ఉక్కకి అది పెరగడమే గానీ తగ్గడం ఉండదు. మా ఇంట్లో పప్పుల డబ్బాలకంటే తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాల డబ్బాకే మూత గట్టిగా బిగిస్తాం.

మొన్న ఎండాకాలం గుంటూరులో మా మేనత్త మనవరాలి ఓణీల ఫంక్షన్. హీలియోస్‌తో పాటు సోనీ 85 ఎంఎం ఎఫ్/1.4 జీమాస్టర్ అనే ఖరీదైన కొత్త లెన్స్ అద్దెకి తెచ్చాను. అద్దె పర్లేదు గానీ డిపాజిట్ చెప్పగానే నోరు ఎండిపోయింది. పైగా ఆధార్ జిరాక్సు రెండు కాపీలు ఎందుకో!

ఇంటి వెనక పెద్ద వేపచెట్టు. పొద్దున తొమ్మిదింటికి పిల్లని ఆరడుగుల దూరంలో నిలబెట్టాను, చెట్టు ఇంకో పదిహేను అడుగులు వెనక. హీలియోస్‌లో ఆకుల సందుల వెలుగు చుక్కలు మధ్యలో గుండ్రంగా, అంచులకి పోయేకొద్దీ నిమ్మకాయ ఆకారంలోకి నొక్కుకుపోయి, పిల్ల తల చుట్టూ తిరుగుతున్నట్టు వచ్చాయి. ఏటవాలుగా వచ్చే వెలుగుని లెన్స్ గొట్టం అంచు కోసేయడం వల్ల అలా వస్తుంది. అద్భుతమే. కాకపోతే ఫోకస్ చేత్తో తిప్పుకోవాలి కదా, ఇరవై తీస్తే కళ్లు కుదిరినవి ఆరు.

అదే చోట 85 పెట్టాను. చెట్టు వెన్నలా కరిగిపోయింది. లెక్క తేలికే: 58ని 2తో భాగిస్తే 29 ఎంఎం, 85ని 1.4తో భాగిస్తే దాదాపు 61. వెలుగు దూరే కన్నం రెండింతలు, పిల్ల మొహంతో పోల్చి చూస్తే బ్లర్ కూడా అంతే. ఇక షార్ప్‌నెస్ అంటారా, కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు. మెడ మీద పౌడర్ చారలు, ఓణీకి పెట్టిన పిన్నీసు కూడా. అత్త కెమెరాలోకి తొంగి చూసి, "ఏరా, మొటిమని కూడా పిలిచావా ఫంక్షన్‌కి?" అంది.

అసలు తేడా స్టేజి దగ్గర తెలిసింది. వెనక నలుగురు మేనమామల మొహాలతో ఫ్లెక్సీ, చుట్టూ సీరియల్ లైట్లు. హీలియోస్‌లో అక్షరాలకి రెండేసి అంచులొచ్చి మేనమామలంతా తిరగట్లో పడ్డట్టున్నారు. 85లో అదే ఫ్లెక్సీ మెత్తటి రంగుల ముద్ద. అందుకే చెబుతున్నా, మన ఊళ్లకి ఖరీదైన లెన్సే కావాలి. మా బెజవాడ బీసెంట్ రోడ్డులో నిలబడి ఎటు తిప్పినా తీగలు, ఫ్లెక్సీలే కదా. హీలియోస్‌కి చెట్లు కావాలి, ఉండవల్లి కరకట్ట వైపు పోవాలి.

యూట్యూబ్‌లో వాళ్లు హీలియోస్ బ్లర్ ఎఫ్/2లో చూపించి, షార్ప్‌నెస్ ఎఫ్/5.6లో చూపించి, "చూశారా, కొత్త లెన్స్ ఎందుకు?" అంటారు. ఒళ్లు మండుతుంది. ఎఫ్/2లో మధ్యలో ఫర్వాలేదు, అంచులు మెత్తన, ఎదురెండ పడితే ఫోటో అంతా పాలు ఒలికినట్టు. కన్నం ఎఫ్/5.6కి తగ్గిస్తే షార్ప్‌గానే వస్తుంది, కానీ అప్పటికి సుడి పోతుంది. రెండూ ఒక ఫోటోలో దొరకవు.

మీ కెమెరా ఏదో రాయలేదు. క్రాప్ సెన్సర్ (ఫుల్ ఫ్రేమ్ కంటే చిన్న సెన్సర్) అయితే అంచులే కోసేస్తుంది, సుడి చాలావరకు పోతుంది. నికాన్ డీఎస్ఎల్ఆర్ (లోపల అద్దం ఉండే కెమెరా) అయితే పాత లెన్స్ బిగించే మామూలు అడాప్టర్ రింగుతో దూరం వస్తువులకి ఫోకస్సే రాదు. పెద్ద సెన్సర్ ఉండి, లోపల అద్దం లేని ఫుల్ ఫ్రేమ్ మిర్రర్‌లెస్ కెమెరా ఉంటేనే హీలియోస్ కొనండి, అదీ టార్చ్ వేసి లోపల బూజు చూసుకున్నాకే.