కావన్‌సైట్ బేరం ఆడే ముందు

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

పూణెలో ఎవరో కావన్‌సైట్ అనే నీలం ఖనిజపు రాయి చూపించారనీ, ధర న్యాయంగా ఉందో లేదో తేలడం లేదనీ రాశావు. ఇంకా అడ్వాన్స్ ఇవ్వకు.

ఈ ఖనిజం 1967లో అమెరికాలోని ఒరెగాన్ నమూనాలతో లోకానికి తెలిసింది. కానీ సేకరించేవాళ్లు ఇష్టపడేది మన వాఘోలి రాయినే. పూణె పక్కన కంకర కోసం నల్లరాయి కొట్టే ఆ క్వారీల్లో, రాతి గుల్లల లోపల ఇది దొరుకుతుంది.

స్కూల్లో నేర్పిన, రాయిని గీకి గట్టిదనం చూసే పరీక్ష దీనిమీద అస్సలు చెయ్యకు. ఖనిజాల గట్టిదనాన్ని 1 నుంచి 10 వరకు చెప్పే మోహ్స్ కొలతలో ఇది 3, 4 మధ్యే. ఇనుప మేకుకే గీత పడుతుంది, గీత పడితే సగం ధర పోయినట్టే. కంటితోనే పోల్చుకోవాలి. నెమలి కంఠం లాంటి నీలం, అది వనేడియం ఇచ్చిన రంగు. మధ్య నుంచి అన్ని వైపులకీ సూదులు విచ్చుకున్న చిన్న ఉండలు. కింద స్టిల్‌బైట్ అనే తెల్లటి ఖనిజం. అజురైట్ అనే ఇంకో ఖనిజం కూడా నీలమే గానీ చాలా బరువు, పైగా తరచూ మాలకైట్ అనే ఆకుపచ్చ ఖనిజంతో కలిసి ఉంటుంది.

అసలు జాగ్రత్త అతికింపు దగ్గర. క్వారీలో ఊడిపోయిన ఉండల్ని వేరే స్టిల్‌బైట్ మీద జిగురుతో నిలబెట్టి అమ్మేవాళ్లున్నారు. పది రెట్లు చూపే భూతద్దం తీసుకుని, ఉండను కాదు, ఉండ అడుగును చూడు. సహజంగా పెరిగిన దానిలో సూదుల మొదళ్లు తెల్ల పలకల సందుల్లోకి దిగి ఉంటాయి. అతికించిన చోట మెరిసే సన్నటి అంచు, ఒక గాలిబుడగ, లేకపోతే జిగురు కప్పడానికి చల్లిన రాతిపొడి కనిపిస్తుంది. యూవీ టార్చ్ వేస్తే చాలా రకాల జిగుర్లు వెలుగుతాయి. వెలగనంత మాత్రాన అసలుదని నమ్మకు, కొన్ని జిగుర్లు వెలగవు. అతికించామని ముందే చెప్పి తక్కువకి ఇస్తే తప్పులేదు, దాచడమే మోసం.

ఇంకో మాట. దీన్నే పెంటగోనైట్ అనే ఇంకో నీలం ఖనిజమని చీటీ పెట్టి ఎక్కువ అడగొచ్చు. అదీ వాఘోలిలో దొరుకుతుంది, ఇంకా అరుదు. రెండింటి రసాయనం ఒక్కటే, పరమాణువుల అమరికే వేరు. అందుకని రసాయన పరీక్ష రిపోర్టు చూపిస్తే దానివల్ల ఏమీ తేలదు, ఆ అమరికను ఎక్స్‌రేలతో పట్టే ఎక్స్‌రే డిఫ్రాక్షన్ పరీక్ష రిపోర్టు కావాలి. అది లేకుండా ఆ ధర ఇవ్వకు.

ధర గ్రాముల్లోనో క్యారెట్లలోనో చెబితే ఒప్పుకోకు, ఇది నగల్లో పొదిగే రాయి కాదు. ఉండల కింద ఉన్న రాయి ఎంత పెద్దదైనా దానికి విలువ లేదు. సెంటీమీటరు దాటిన ఒక్క ఉండ, చుట్టూ చెక్కుచెదరకుండా, తెల్ల రాయి ముందు భాగంలో కూర్చుని ఉంటే, నా దృష్టిలో పది విరిగిన ఉండలకన్నా అదే మేలు. పోల్చుకోవడానికి అడిగిన ధరలు చూడకు, వేలంలో నిజంగా అమ్ముడైన ధరలు చూడు.

కొంటే మాత్రం దూదిలో చుట్టకు, పోగులు సూదులకి చిక్కుకుని లాగినప్పుడు విరుస్తాయి. ఉండలకి ఏదీ తగలకుండా కింది రాయినే డబ్బాలో బిగించు. బ్రష్ వద్దు, దుమ్ముకి కెమెరా బ్లోయర్, అంటే నొక్కితే గాలి ఊదే రబ్బరు బుడ్డి, చాలు.

ఫ్లాష్ లేకుండా, పక్క నుంచి ఉండ అడుగు కనబడేలా రెండు ఫోటోలు తీసి పంపు. అవి చూశాక ధర సంగతి మాట్లాడదాం.

పెదనాన్న