ఊరి పరేడ్‌లో చెకుముకి తుపాకి పేల్చాలంటే

మీరు అడిగింది ఇదీ: హెచ్-1బి మీద మసాచుసెట్స్‌లో ఉంటున్నారు. మీ ఊరి మినిట్‌మెన్ కంపెనీ, అంటే 1775లో బ్రిటిష్ సైన్యంతో పోరాడిన ఊరి దళాల వేషం కట్టే బృందం, కొత్తవాళ్లను చేర్చుకుంటోంది. 1775 నాటి దుస్తుల్లో పేట్రియట్స్ డే (ఆ యుద్ధం మొదలైన రోజును గుర్తుచేసుకునే పండగ), జులై 4 పరేడ్‌లలో నడవాలనీ, వీలైతే తుపాకి కూడా పేల్చాలనీ ఉంది. ఏం కొనాలి, ప్రమాదమెంత?

ఇప్పుడే ఏమీ కొనకండి. ముందు వాళ్ల డ్రిల్‌కి వెళ్లండి. చాలా కంపెనీల్లో కొత్తవాళ్లకు అరువిచ్చే చొక్కాలు, బ్రీచెస్, టోపీలు ఉంటాయి. ఆన్‌లైన్‌లో దొరికే పాలియెస్టర్ 'కలోనియల్ కాస్ట్యూమ్' కొని తెస్తే మొదటి రోజే పక్కన పెట్టిస్తారు. అది చూడ్డానికి బాగోలేదని కాదు. నిప్పురవ్వ పడితే ఆ గుడ్డ కరిగి ఒంటికి అంటుకుంటుంది. ఉన్ని అయితే మాడి ఆగిపోతుంది. నార చొక్కా, ఉన్ని వెయిస్ట్‌కోటు, మోకాళ్ల కిందివరకు బ్రీచెస్, మేజోళ్లు, బకిల్ బూట్లు ఉంటే చాలు. మినిట్‌మెన్ రైతులు, చేతిపనివాళ్లు, వాళ్లకు యూనిఫాం లేదు కాబట్టి ఎర్ర కోటు వేసే బ్రిటిష్ వేషం దళాల్లో చేరేవాళ్లకన్నా మీకు ఖర్చు తక్కువే. తోలు అట్టల బూట్లు తారు రోడ్డు మీద జారతాయి. మడమ కింద పల్చటి రబ్బరు వేయిస్తే చాలా చోట్ల ఏమీ అనరు. జులైలో ఆ బట్టలతో రెండు మైళ్లు నడవాలి. భుజాన వేలాడే క్యాంటీన్ (నీళ్ల సీసా) అలంకారం కాదు, నీళ్లు నింపుకోవాలి.

వీసా సంగతి. తాత్కాలిక వీసా మీదున్నవాళ్ల దగ్గర తుపాకి గానీ తూటాలు గానీ ఉండకూడదని ఫెడరల్ చట్టం, కొద్ది మినహాయింపులతో. 1968 నాటి చట్టం ఇచ్చిన నిర్వచనం ప్రకారం, మూతి నుంచి తుపాకిమందు పోసే పాతకాలపు తుపాకీ, దాని నకలూ 'తుపాకి' కిందికి రావు. అంతమాత్రాన అయిపోయిందనుకోకండి. రాష్ట్ర చట్టం వేరు, మందు లెక్క వేరు. కంపెనీలో ఎవరో పర్లేదన్నారని చేతిలోకి తీసుకోకండి, రాష్ట్ర తుపాకి చట్టం తెలిసిన లాయర్ని ఒకసారి అడగండి. గ్రీన్‌కార్డు వచ్చేదాకా డప్పో, ఫైఫో (చిన్న పిల్లనగ్రోవి), జెండానో పట్టుకోవడం నా లెక్కలో తెలివైన పని. నిజానికి ఫైఫ్ వాయించేవాళ్ల కొరత ఎప్పుడూ ఉంటుంది.

'మన రంగు వాళ్లు ఆ వేషంలో ఏం బాగుంటారు' అనే సందేహం ఉంటే, యుద్ధం మొదలైన 1775 ఏప్రిల్ 19న లెక్సింగ్టన్‌లో గాయపడ్డవాళ్లలో ప్రిన్స్ ఎస్టాబ్రూక్ అనే నల్లజాతి బానిస ఉన్నాడు. ఎవరైనా అడిగితే ఆ పేరు చెప్పండి.

ఇక తుపాకి. ఆనాటి రెండు రకాల్లో, బ్రిటిష్ బ్రౌన్ బెస్ గొట్టం లోపలి వ్యాసం 0.75 అంగుళాలు, ఫ్రెంచి షార్ల్‌విల్‌ది 0.69. తక్కువ ధరకు దొరికే నకళ్లలో చాలావాటి పుట్టిల్లు మన దేశమే. దిగుమతి చేసేటప్పుడు వాటికి పేలుడు చిల్లు (బయటి మంట గొట్టంలోకి దూకే రంధ్రం) తొలవరు, అమెరికాలో అమ్మేవాళ్లు తొలుస్తారు. అలాంటిది కొంటే గన్‌స్మిత్‌కి చూపించాల్సిందే. చిల్లు పాన్‌కి (చిటికెడు మందు పెట్టే చిన్న గిన్నె) సరిగ్గా ఎదురుగా ఉందా, ఫ్రిజెన్ (చెకుముకి రాయి కొట్టుకునే పలక) ఉక్కు తగినంత గట్టిగా ఉందా, సగం ఎత్తిన కాక్ (రాయిని దవడల్లో పట్టుకునే సుత్తి) ట్రిగ్గర్ నొక్కినా నిలుస్తోందా అన్నవి చూడాలి. ఫ్రిజెన్ మెత్తగా ఉంటే రాయి ఎంత మంచిదైనా నిప్పురవ్వలు రాలవు.

ఖాళీ తూటా అంటే గుండు లేనిది మాత్రమే, మందు నిండుగానే ఉంటుంది. బ్రౌన్ బెస్‌కి మామూలుగా 100 గ్రెయిన్ల నల్ల తుపాకిమందు (బ్లాక్ పౌడర్), అంటే సుమారు ఆరున్నర గ్రాములు. పౌండుకి 7000 గ్రెయిన్లు కాబట్టి 70 తూటాలు వస్తాయి. వాడేది 2ఎఫ్ అనే పలుకు సైజు రకం. పొగ రాని ఆధునిక మందు ఈ గొట్టంలో పోస్తే గొట్టమే పగలొచ్చు, దాన్ని దగ్గరికి కూడా రానివ్వకూడదు. కాగితాన్ని కర్ర చుట్టూ చుట్టి, ఒక కొస మడిచి, మందు పోసి, రెండో కొస మెలిపెట్టాలి. స్టేపుల్, టేపు వద్దు. పేలినప్పుడు స్టేపుల్ గుండులా బయటికొస్తుంది.

నింపేటప్పుడు తూటా కొస పంటితో చించాలి. పెదాలు నల్లబడతాయి, సూరేకారం ఉప్పగా తగులుతుంది. ఒక చిటికెడు పాన్‌లో పోసి మూసి, మిగతాది గొట్టంలో పోసి, తుపాకి మడమను నేలకి ఒకసారి తట్టాలి. పాన్‌ని నింపేస్తే మంచిదనుకుంటారు కొత్తవాళ్లు. మందు చిల్లును కప్పేస్తే మంట ఒక్కసారిగా లోపలికి దూకదు, వత్తిలా నెమ్మదిగా కాలుతూ పోతుంది, పేలుడు ఆలస్యమవుతుంది. మూడోవంతు చాలు. కాగితం జేబులోకి పోవాలి, గొట్టంలోకి కాదు. పరేడ్‌లో ర్యామ్‌రాడ్ (గొట్టంలో మందును దట్టించే కడ్డీ) బయటికి తీసే పనే లేదు. తొందరలో గొట్టంలో మర్చిపోయిన ర్యామ్‌రాడ్ బాణమవుతుంది. అందుకే కొన్ని కంపెనీలు దాన్ని ఇంట్లోనే వదిలి రమ్మంటాయి.

నడుస్తూ కాల్చరు. ఆగి, గొట్టాలు పైకెత్తి, కరెంటు తీగలు, కొమ్మలు, దగ్గర్లో గుర్రాలు లేవని చూసి, ఆజ్ఞ మీద కాలుస్తారు. చిల్లులోంచి వచ్చే మంట కుడిపక్కకి చిమ్ముతుంది, అంటే మీ కుడివైపు మనిషి చెంపకి. పాన్ పక్కన ఇత్తడి ఫ్లాష్‌గార్డ్ తప్పనిసరి అనేది అందుకే. రెండో వరసలో నిలబడితే మీ గొట్టం మూతి ముందువాడి ముఖం దాటి ముందుకు ఉండాలి, లేకపోతే అతని చెవి పోతుంది. మీకూ ఇయర్‌ప్లగ్‌లు కావాలి, కళ్లద్దాలు మంచిది.

ఇక అసలు ప్రమాదం పేలనిదాంతోనే. ఇరవైమంది ఒక్కసారి కాల్చినప్పుడు మీది పేలిందో లేదో మీకే తెలియదు. గుండు లేదు కాబట్టి వెనక్కి తన్నదు. పాన్‌లో మందు భగ్గుమంటుంది, ముఖానికి పొగ కొడుతుంది, పేలిందనుకుంటారు. గొట్టంలో మందు అలాగే ఉంటుంది. దాని మీద ఇంకో తూటా పోస్తే 200 గ్రెయిన్లవుతుంది. పోయకపోతే నిండు తుపాకి కారు డిక్కీలోకి వెళ్తుంది. కాల్చిన ప్రతిసారీ చిల్లులోంచి సన్నగా పొగ వస్తోందా అని చూడండి. రాకపోతే గొట్టం పైకే పట్టుకుని ఓ నిమిషం ఆగి, పిక్‌తో (సన్నటి తీగ) చిల్లు గుచ్చి, మళ్లీ పాన్‌లో మందు వేసి ప్రయత్నించండి. మూడుసార్లకీ పేలకపోతే సార్జెంట్‌కి చెప్పి వరస తప్పుకోండి. గొట్టంలో నీళ్లు పోసి మందును చంపేస్తారు. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. ఉక్కపోత రోజున నాలుగో వాలీకల్లా (అందరూ ఒక్కసారిగా కాల్చడం) సగంమందివి మొరాయిస్తాయి. మసి తేమను లాగుతుంది, పాన్‌లో నల్లటి బురద అవుతుంది. గుడ్డపీలికతో పాన్, రాయి అంచు, ఫ్రిజెన్ ముఖం తుడుస్తూ ఉంటే చాలావరకు తప్పుతుంది. రాయి అంచు మొద్దుబారితే చెక్కాలి, లేదా తిప్పి బిగించాలి. దవడల మధ్య తోలుముక్క పెట్టి బిగించకపోతే వదులై పక్కకి తిరుగుతుంది.

పరేడ్ అయ్యాక ప్రతి గొట్టంలో ర్యామ్‌రాడ్ వదిలి చూస్తారు. అడుగున ఇనుము తగిలి ఖంగుమంటే ఖాళీ, మెత్తగా తగిలితే ఇంకా ఏదో ఉన్నట్టు. ఇంటికెళ్లాక అదే రోజు కడగాలి. చిల్లులో పుల్ల దూర్చి, వేడినీళ్లు, సబ్బు పోసి, నీళ్లు తెల్లగా వచ్చేదాకా గుడ్డ ఆడించి, ఆరబెట్టి, నూనె రాయాలి. మర్నాడు చేద్దామని వదిలేస్తే చిల్లు చుట్టూ తుప్పు ఎక్కుతుంది. తర్వాతి పరేడ్‌లో ఆ తుపాకే మొరాయిస్తుంది.