నెట్ లేదు, అక్షరాలు పెద్దగా ఉన్నాయి: ముందు ఫోన్ కేబుల్ పెట్టండి

విండోస్ 10 కొత్తగా వేశాక నెట్ రావట్లేదు, స్క్రీన్ మీద అన్నీ పెద్దగా కనిపిస్తున్నాయి అన్నారు కదండీ. నెట్ కార్డో గ్రాఫిక్స్ కార్డో పోయిందని కంగారు పడకండి, చూడబోతే డ్రైవర్ల (ఆ భాగాలను విండోస్‌తో పని చేయించే సాఫ్ట్‌వేర్) గొడవే. ముందు నెట్ తెచ్చుకోండి. ఆండ్రాయిడ్ ఫోన్‌ని కేబుల్‌తో తగిలించి యూఎస్‌బీ టెథరింగ్ (ఫోన్ నెట్‌ని కంప్యూటర్‌కి ఇచ్చే సెట్టింగ్) ఆన్ చేయండి, మామూలుగా వేరే డ్రైవర్ అడగదు.

తర్వాత డివైస్ మేనేజర్‌లో (కంప్యూటర్ భాగాల జాబితా చూపే విండోస్ టూల్) పసుపు గుర్తున్న ఈథర్‌నెట్ కంట్రోలర్, అంటే కేబుల్ నెట్ భాగం, ప్రాపర్టీస్ తెరిచి, డీటెయిల్స్‌లో హార్డ్‌వేర్ ఐడీస్ చూడండి. అందులో ‘వెన్’ (VEN, తయారీ కంపెనీ కోడ్) పక్కన 10ఈసీ ఉంటే రియల్‌టెక్, 8086 ఉంటే ఇంటెల్. డ్రైవర్ మదర్‌బోర్డు కంపెనీ సైట్ నుంచే దించుకోండి. ఆ డ్రైవర్ అప్‌డేటర్ సాఫ్ట్‌వేర్ల జోలికి మాత్రం పోవద్దు. నేను పోయి, మళ్లీ విండోస్ వేసుకున్నా.

గ్రాఫిక్స్‌కి విండోస్ అప్‌డేట్ నడిపితే చాలాసార్లు సరిపోతుంది. అప్పటికీ డివైస్ మేనేజర్‌లో బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్ అనే చూపిస్తే, అసలు గ్రాఫిక్స్ డ్రైవర్ ఇంకా పడలేదన్నమాట; ఏ కంపెనీది కావాలో తెలియడానికి దాని హార్డ్‌వేర్ ఐడీ కూడా అలాగే చూడండి: 10డీఈ ఎన్‌విడియా, 1002 ఏఎండీ.